విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల తక్కువ ఖర్చుతో 9 హోల్స్ గోల్ఫ్ కోర్సు వేసుకోవడం ఎలా?

"ఊరి పక్కన పదిహేను, ఇరవై ఎకరాలుంది. అందరూ ఆడుకునేలా చిన్న గోల్ఫ్ కోర్సు వేయొచ్చా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వేయొచ్చు. పేరేచర్ల వైపు ఒక మిత్రుడి ఎర్రనేలలో మేం ముందు మూడు హోల్స్ వేసి రెండు వానాకాలాలు చూశాం (ఒక హోల్ అంటే బంతిని మొదట కొట్టే చోటు నుంచి దాన్ని వేయాల్సిన గుంత దాకా ఉన్న ఆట దారి). అక్కడ నేర్చుకున్నదంతా వరుసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. చిన్న ఊరి కోర్సు నిలబడేది అందంతో కాదు, పోషణ ఖర్చుతో. మీరు కాగితం మీద గీసే ప్రతి గీతకూ రేపు నీళ్లు, కోత, కూలి ఉంటాయి. అందుకే ఇక్కడ డిజైన్ అంటే వాన నీరు ఎటు పోవాలి, బోరు నీరు ఎంత నేలకు పెట్టాలి అన్నవి ముందు తేల్చుకోవడమే.

## 1. సైజు తేల్చుకోండి

18 హోల్స్ పూర్తి కోర్సుకు 120 ఎకరాల పైనే కావాలి. ఆ ఆలోచన పక్కన పెట్టండి. మన అవసరానికి 9 హోల్స్, అన్నీ పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సినవి) చాలు. ఒక్కో హోల్ 60 నుంచి 140 గజాలు, మొత్తం కలిపి 900 గజాలకు అటూ ఇటూ.

నేల లెక్క ఇలా వేసుకోండి. సగటున ఒక హోల్‌కు టీ (బంతిని మొదట కొట్టే చోటు) వెనక, గ్రీన్ (గుంత ఉండే నున్నటి చోటు; ఆ గుంతనూ హోల్ అనే అంటారు) వెనక ఖాళీతో కలిపి 140 గజాల పొడవు, 60 గజాల వెడల్పు. అంటే 8,400 చదరపు గజాలు, ఎకరం 74 సెంట్లు. తొమ్మిదికి 15 ఎకరాల 60 సెంట్లు అవుతుంది. చెరువు, పార్కింగ్, కంచె వెంట ఖాళీ కలిపితే 18 నుంచి 20 ఎకరాలు.

అంత లేకపోతే 6 హోల్స్ వేసి రెండుసార్లు తిరగండి. 18 ఎకరాల్లో ఇరికించాల్సిన ఆటను 12 ఎకరాల్లో ఇరికించొద్దు. బంతి తగిలితే తల పగులుతుంది.

## 2. నేల చూడ్డానికి వానాకాలంలోనే వెళ్లండి

ఎండాకాలంలో ప్రతి పొలమూ చదునుగా, బాగానే కనబడుతుంది. జోరువాన పడిన మర్నాడు గొడుగు పట్టుకుని వెళ్లండి. నీరు ఎక్కడ నిలిచింది, ఎటు జారుతోంది, ఎన్ని గంటలకు ఇంకింది చూసి రాసుకోండి. ఫోన్‌లో ఫొటోలు తీయండి. రేపు ఇంజినీరు ఇచ్చే మ్యాపు కన్నా ఆ ఫొటోలే ఎక్కువ ఉపయోగపడతాయి.

వాగు దగ్గరి నేలైతే ఇంకో పని చేయండి. గట్టు మీద తుమ్మ కొమ్మల్లో చిక్కుకున్న ఎండుగడ్డి, చెత్త ఎంత ఎత్తులో ఉందో చూడండి. వరద అక్కడిదాకా వచ్చిందన్నమాట. పశువులు కాసేవాళ్లను అడిగితే ఏ ఏడు ఎంతవరకు మునిగిందో చెబుతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఏ వీధుల్లోకి నీళ్లొచ్చాయో అందరం చూశాం. వాగు దారిలో గ్రీన్ కట్టకూడదు.

మట్టికి రెండు పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు.

- సీసా పరీక్ష: గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి బాగా కుదపండి. నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక. మర్నాటికీ నీరు బురదగా ఉంటే బంకమన్ను ఎక్కువ.
- గుంత పరీక్ష: అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తవ్వి ఒకసారి నీళ్లు నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో కొలవండి. గంటకు అంగుళం పైన దిగితే అదృష్టం. అర అంగుళం కూడా దిగకపోతే ప్రతి గ్రీన్‌నూ ఎత్తు మీద కట్టాల్సిందే.

లాం వైపు ఉన్నలాంటి నల్లరేగడి అయితే ఎండాకాలంలో నెర్రెలు విచ్చుకుంటుంది. బంతి నెర్రెలో పడితే దొరకదు, చెయ్యి పెట్టనూ కూడదు. వానకు ఆ నేలే ఉబ్బి, పైపుల జాయింట్లు విడిపోతాయి. కొండల పక్కన దొరికే ఎర్రనేల, కృష్ణ ఒడ్డు ఒండ్రు ఈ పనికి చాలా నయం.

సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

- సర్వే నంబర్లు, హద్దులు, గట్లు, పొరుగు రైతుల దారి హక్కు
- సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉందా, వ్యవసాయేతర వాడకానికి ఏ అనుమతులు కావాలి, రాతపూర్వకంగా
- పైన హైటెన్షన్ లైను ఉందా
- బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత). 2,000 దాటితే నీటిని ల్యాబ్‌కు పంపి సోడియం ఎంతుందో కూడా చూపించండి
- ఆర్టీసీ బస్సు దిగి నడిచి రాగలిగే దూరమా

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కారున్నవాళ్లు మాత్రమే రాగలిగితే అది అందరి కోర్సు కాదు.

## 3. నీటి లెక్క

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మన ఎండల్లో పచ్చికకు రోజుకు 6 మిల్లీమీటర్లు కావాలి అనుకుందాం.

15 ఎకరాలూ తడపాలంటే రోజుకు 3 లక్షల 64 వేల లీటర్లు. అది చిన్న కోర్సు మోయలేని బరువు. అదే తొమ్మిది గ్రీన్లు, ఒక్కోటి 6 సెంట్లు, మొత్తం 54 సెంట్లు మాత్రమే తడిపితే 13 వేల లీటర్లు. టీలకు ఇంకో 4,500. అంతా కలిపి రోజుకు 17,500 లీటర్లు.

కాబట్టి నియమం ఒకటే. గ్రీన్లకు, టీలకు నీళ్లు పెట్టండి. మిగతా నేలను వానకు వదిలేయండి. గరిక ఏప్రిల్, మే నెలల్లో ఎండి గోధుమరంగుకు వచ్చినా చావదు, తొలకరికి మళ్లీ లేస్తుంది. ఎండిన నేల మీద బంతి బాగా దొర్లుతుంది కూడా. దాన్ని చూసి టెన్షన్ పడి ట్యాంకర్లు తెప్పించొద్దు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు గనుక 60 రోజుల నీరు మీ చేతిలో ఉండాలి. అంటే పదిన్నర లక్షల లీటర్లు. 35 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతున, ఒడ్లు ఏటవాలుగా చెరువు తవ్వితే సుమారు 18 లక్షల లీటర్లు పడతాయి. ఎండకు ఆవిరయ్యేది పోయినా సరిపోతుంది. నల్లరేగడిలో నీరు దానంతటదే నిలుస్తుంది. ఎర్రనేలలో అడుగున షీటు పరచాలి.

ఈ చెరువును స్థలంలో అన్నిటికన్నా పల్లంలో తవ్వండి, వాన నీరంతా అందులోకే వస్తుంది. తవ్విన మట్టితో గ్రీన్లకు, టీలకు దిబ్బలు పోయండి. బయటనుంచి ఒక్క లారీ మట్టి కూడా కొననక్కర్లేదు. చుట్టూ కంచె, ఒకవైపు మెట్లు తప్పనిసరి. పిల్లలు వచ్చే చోటు.

## 4. హోల్స్ వరుస గీయడం

మ్యాపు మీద గీసే ముందు నేల మీద నడవండి. పొడుగాటి వెదురు కర్రలకు ఎర్రగుడ్డ కట్టి గ్రీన్ అనుకున్న చోట పాతండి. టీ అనుకున్న చోట నిలబడి చూడండి. గుడ్డ కనబడకపోతే ఆ హోల్ మార్చండి. మేం ఇలా నాలుగు ఆదివారాలు కర్రలు పీకి పాతుతూనే ఉన్నాం. సున్నంతో గీసింది ఐదో వారమే.

వరుసలో ఇవి పాటించండి.

1. ముందు గ్రీన్లకు చోట్లు ఎంచుకోండి. సహజంగా కాస్త ఎత్తుగా, పొద్దుటి ఎండ తగిలే చోట్లు. తర్వాతే టీలు.
2. మన దగ్గర ఆట పొద్దున ఆరు నుంచి తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత. ఎండ కళ్లల్లో కొట్టకుండా ఎక్కువ హోల్స్ ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. మొదటి హోల్ తూర్పుకు, చివరి హోల్ పడమరకు వద్దు.
3. హద్దు పక్క హోల్స్‌ను గడియారం ముల్లు తిరిగే దిశలో నడపండి. కొత్తవాళ్లలో కుడిచేత్తో ఆడేవాళ్ల బంతి ఎక్కువగా కుడివైపుకు వంగిపోతుంది. ఇలా పెడితే హద్దు ఎడమవైపు ఉంటుంది, తప్పిన బంతి మన స్థలంలోనే పడుతుంది.
4. రోడ్డు, ఇళ్లు, పక్క రైతు మిరప తోట ఉన్నవైపు హోల్ మధ్యగీత నుంచి హద్దుకు కనీసం 50 గజాలు వదలండి. మిరపకోతకు వచ్చే కూలీలు వంగి పని చేస్తుంటారు, బంతి వచ్చేది చూసుకోలేరు.
5. ఒక గ్రీన్ నుంచి తర్వాతి టీకి 30, 40 అడుగుల్లో చేరాలి. ఆ టీ మీదికి ఇంకే హోల్ బంతీ రాకూడదు.
6. మొదటి హోల్ సులువుగా, పొట్టిగా ఉండాలి. కష్టమైంది ఐదో ఆరో చోట పెట్టండి.

ఉన్న తాటిచెట్లు, వేపచెట్లు కొట్టొద్దు. దూరం నుంచి గురి చూసుకోవడానికి తాటిచెట్టును మించిన గుర్తు లేదు. సర్కారు తుమ్మను మాత్రం మొదలు మిగలకుండా పెకలించాలి. నరికితే నాలుగింతలై లేస్తుంది.

## 5. వాటం

ఈ పని పూర్తయ్యేదాకా గడ్డి మాట ఎత్తొద్దు.

ఆటస్థలమంతా 100 అడుగులకు కనీసం 2 అడుగుల వాటం ఉండాలి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపుతోనే ఇది చూసుకోవచ్చు. ఎత్తు నుంచి వచ్చే నీరు గ్రీన్‌ను తాకకముందే పక్కకు మళ్లేలా, గ్రీన్ పైవైపున అర్ధచంద్రాకారంలో లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న కాలువ తీయండి. గడ్డి పెరిగాక అది కాలువలా కనబడదు, మోవర్ (గడ్డి కోసే యంత్రం) కూడా సులువుగా నడుస్తుంది.

మా రెండో గ్రీన్‌కు ఈ కాలువ వదిలేశాం. జులైలో ఒక్క రాత్రి వానకు పైనున్న ఎర్రమట్టి కొట్టుకొచ్చి, కొత్తగా పోసిన ఇసుక మీద వేలెడు మందాన పొరలా పేరుకుంది. ఎండాక అది అప్పడంలా పగిలింది. కింద ఇసుక పొడిగా ఉన్నా నీరు దిగదు. పార పెట్టి మొత్తం గీకి తీసేయాల్సి వచ్చింది.

## 6. గ్రీన్ కట్టడం

డబ్బు ఎక్కువ ఖర్చయ్యేది ఇక్కడే. మీ నేలను బట్టి మూడు దారులున్నాయి.

మొదటిది, ఇసుక గ్రీన్. గట్టిగా దిమ్మిస చేసిన నేల మీద 2 అంగుళాల ఇసుక. 30 అడుగుల వ్యాసమున్న వృత్తానికి ఒక యూనిట్‌కు (100 ఘనపుటడుగులు) కాస్త పైన సరిపోతుంది. బంతికీ హోల్‌కూ మధ్య ఆటగాడే చెక్కపట్టీ లాగి దారి సాపు చేసుకుంటాడు. మొదటి ఏడాది జనం వస్తారో లేదో చూడ్డానికి ఇదే సరైన పద్ధతి. ఇసుక ఎగరకుండా వాడిన ఇంజిన్ ఆయిల్ కలపమని కొందరు చెబుతారు. కలపొద్దు. అది మట్టిలోకి, బోరులోకి దిగుతుంది. పొద్దున్నే కాసిని నీళ్లు చల్లితే చాలు.

రెండోది, ఉన్న మట్టి మీద ఇసుక పొర. నీరు బాగా ఇంకే ఎర్రనేలకు, ఒండ్రుకు పనికొస్తుంది. దిబ్బకు ఆకారం ఇచ్చి పైన 6 అంగుళాల ఇసుక. 6 సెంట్ల గ్రీన్‌కు 13 యూనిట్లు.

మూడోది, పైపులు, కంకరతో పూర్తి గ్రీన్. నల్లరేగడికి ఇది తప్ప దారి లేదు. వరుస ఇది:

1. అడుగు నేలకు, పైన ఎలా ఉండాలో అదే ఆకారం ఇచ్చి దిమ్మిస కొట్టండి. గుంటలు మిగిలితే అక్కడ నీరు శాశ్వతంగా నిలుస్తుంది.
2. చేప ముల్లు ఆకారంలో 8 అంగుళాల లోతు కాలువలు తీయండి. పక్క కాలువల మధ్య 15 అడుగులు.
3. చిల్లులున్న 4 అంగుళాల పైపు వేయండి. 100 అడుగులకు అడుగు వాటం. పైపు చివర గ్రీన్ బయట, నేల పైకి తెరుచుకోవాలి.
4. ఒక బిందె నీళ్లు పై చివర పోసి కింది నుంచి వస్తున్నాయో చూడండి. రాకపోతే ఇక్కడే ఆగి సరిచేయండి.
5. పైన 4 అంగుళాల సన్న కంకర, 6 నుంచి 10 మిల్లీమీటర్ల సైజు. సుమారు 9 యూనిట్లు.
6. దాని మీద 12 అంగుళాల ఇసుక. సుమారు 26 యూనిట్లు. నీళ్లు పెట్టి, తొక్కి, దిగిన చోట మళ్లీ నింపండి.

ఇసుక మధ్యరకంది, కడిగినది కావాలి. పిడికిట్లో పట్టుకుని విదిలిస్తే అరచేతికి బురద అంటకూడదు. క్రషర్ డస్ట్ దారులకు వాడుకోండి గానీ గ్రీన్‌లోకి రానివ్వొద్దు, తడిసి సిమెంటులా బిగుస్తుంది.

గుంత పెట్టే చోట్ల వాటం 100 అడుగులకు 3 అడుగులు దాటకూడదు. దాటితే ఎండాకాలంలో బంతి ఆగదు. 6 సెంట్లలో గుంత పెట్టడానికి కనీసం ఐదు చోట్లు ఉండేలా చూసుకోండి, రోజూ మారుస్తుండాలి. గుంత వ్యాసం 4.25 అంగుళాలు, లోతు కనీసం 4 అంగుళాలు. ఇది ఎక్కడైనా ఒకటే కొలత.

## 7. టీలు, బంకర్లు

పార్ 3 కోర్సులో టీలే ముందు పాడవుతాయి, ఎందుకంటే ప్రతివాళ్లూ ఐరన్‌తో (ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్ర) కొట్టి గడ్డి పెళ్ల లేపుతారు. అందుకే హోల్‌కు కనీసం 2 సెంట్ల టీ ఇవ్వండి. పిల్లలకు ముందువైపు ఇంకో చిన్న టీ కోయండి. ఎక్కడినుంచి కొట్టాలో చూపే గుర్తులు రోజూ జరపండి, లేచిన పెళ్లలను ఇసుకతో పూడ్చండి. ఎండలు ముదిరాక మ్యాట్లు వేయండి.

బంకర్లు (ఇసుక గుంటలు) మొత్తం కోర్సులో రెండు చాలు. ప్రతి బంకర్‌కూ అడుగున పైపు, ఏటా ఇసుక, వాన పడ్డాక పారపని. వాటి బదులు గ్రీన్ పక్కన మోకాలి లోతు పచ్చిక పల్లాలు పెట్టండి. ఆట అంతే కష్టంగా ఉంటుంది, మోవర్ తప్ప వేరే ఖర్చు లేదు.

## 8. గరిక నాటడం

వేరే గడ్డి కోసం వెతకొద్దు. ప్రపంచమంతా వేడి ప్రాంతాల కోర్సుల్లో వాడే బెర్ముడా గడ్డి మన గరికే. నేల మొత్తానికీ నాటు గరిక చాలు. గ్రీన్లకు టిఫ్‌డ్వార్ఫ్ లాంటి పొట్టి రకం నర్సరీలో దొరికితే మేలు. నీరు మరీ ఉప్పగా ఉంటే పాస్పాలమ్ రకం చూడండి.

నాటే ముందు కలుపు పని ముగించాలి. నేలను తడిపి మూడు వారాలు వదిలితే తుంగ అంతా మొలుస్తుంది. గడ్డలతో సహా తీయండి. మళ్లీ తడిపి మళ్లీ తీయండి. ఈ రెండు విడతలూ ఎగ్గొడితే తర్వాత ఏళ్ల తరబడి తుంగ పీకుతూనే ఉంటారు.

తొలకరి పడ్డాక, జూన్ రెండో పక్షం నుంచి జులై చివరిలోపు నాటండి. రెండు మూడు కణుపులున్న గరిక తీగలను అర అడుగు దూరంలో వేసి, చివరలు మాత్రం బయట కనబడేలా అదమండి. రెండు వారాలు పైతడి ఆరనివ్వొద్దు. రెండు రెండున్నర నెలల్లో నేల కప్పుకుంటుంది. దసరాకు తెరవాలని తొందరపడొద్దు, నవంబరు దాకా ఆగండి.

## 9. పోషణ

- కోత: గ్రీన్లు 6 మిల్లీమీటర్లు, పెరిగే కాలంలో రోజు విడిచి రోజు, రీల్ మోవర్‌తో. ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ మధ్య కోసిన పచ్చిక) అంగుళం, వారానికోసారి. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయొద్దు.
- సమయం: 20 అంగుళాల మోవర్‌తో 6 సెంట్ల గ్రీన్‌కు పదిహేను నిమిషాలు. తొమ్మిదికి రెండు గంటల పైన. ఆరుకే ఆట మొదలైతే నాలుగింటికి లైటు పెట్టుకుని పని మొదలెట్టాలి. లేదా మొదటి ఆట ఆరున్నరకు మార్చండి, పనివాళ్లకు న్యాయంగా ఉంటుంది.
- ఎరువు: గ్రీన్‌కు నెలకు 2 కిలోల యూరియా, రెండు విడతలుగా. చల్లిన వెంటనే నీళ్లు పెట్టాలి, లేకపోతే చుక్కలు చుక్కలుగా మాడుతుంది.
- నీళ్లు: తెల్లవారుజామున. సాయంత్రం పెడితే రాత్రంతా తడి ఉండి బూజు తెగులు వస్తుంది.
- గుచ్చడం: ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, సెప్టెంబరులో. నీరు, గాలి దిగేలా గ్రీన్‌ను బోలు ముళ్లతో గుచ్చి, తీసిన మట్టి ఊడ్చి, చిల్లుల్లో ఇసుక నింపాలి.
- పశువులు: గేదెకు లేత గరిక కన్నా ఇష్టమైంది లేదు. పందులు ఒక్క రాత్రిలో గ్రీన్ తిరగేస్తాయి. కంచె, దాని బయట కందకం, రెండూ కావాలి.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

గ్రీన్ మీద నీరు నిలుస్తోంది. ముందు పైపు చివర చూడండి, చాలాసార్లు అక్కడే మట్టి అడ్డుపడుతుంది. అది బాగుంటే పైన మట్టిపొర పేరుకుందేమో గుచ్చి చూడండి.

గ్రీన్ ఒకవైపే పలచబడుతోంది. తూర్పున చెట్టు నీడ ఉండొచ్చు. చెట్టు కొట్టకుండా కింది కొమ్మలు తీయించండి. నడిచే దారి ఒక్కటే అయితే తాడు కట్టి దారి మార్చండి.

ఆట నత్తనడక నడుస్తోంది. తొమ్మిది హోల్స్ నలుగురికి గంటన్నర పట్టాలి. గ్రీన్ పక్క గడ్డి పెంచేశారేమో చూడండి. బంతి వెతకడానికి నిబంధనల ప్రకారం 3 నిమిషాలే. గ్రీన్ చుట్టూ 10 గజాల వరకు గడ్డి 2 అంగుళాలు దాటనివ్వకపోతే వెతుకులాటే తగ్గుతుంది, పాముల భయమూ తగ్గుతుంది.

## 11. తెరిచే ముందు

ఢిల్లీలో డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సులో సభ్యత్వం లేకపోయినా డబ్బు కట్టి ఆడొచ్చు. మీదీ అలాగే ఉండాలి. సభ్యత్వ రుసుము పెట్టొద్దు, ఆటకింత అని తీసుకోండి. కొత్తవాళ్లు కిట్ కొనలేరు గనుక 7 ఐరన్, 9 ఐరన్, శాండ్ వెడ్జ్, పటర్, ఈ నాలుగు క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) సెట్లు అద్దెకు ఉంచండి. పిల్లలకు చిన్న సైజువి వేరేగా.

స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును ఆదివారాలు ఆటకు మూసి, ఊరి జనం నడవడానికి వదులుతారు. మన దగ్గర ఆదివారమే గిరాకీ కాబట్టి వారంలో ఇంకో రోజు ఎంచుకుని సాయంత్రం ఊరివాళ్లకు గేటు తీయండి. ఆటో నడిపే ఆయన తన కొడుకుని తీసుకొచ్చి ఆ పచ్చిక మీద నడిపిస్తే, వాడు వచ్చే వారం క్లబ్ పట్టుకుంటాడు.

మొదటి రోజుకు ముందు రాత్రి

- ప్రతి టీ మీద నిలబడి చూశారా, వేరే హోల్ బంతి ఇటు రాదు కదా?
- హోల్ నంబరు, దూరం, తర్వాతి టీ ఎటో తెలుగులో రాసిన బోర్డు
- బంతి మనుషుల వైపు వెళ్తే "ఫోర్" అని గట్టిగా అరవాలన్న సూచన
- పొదలో, నెర్రెలో చెయ్యి పెట్టొద్దన్న హెచ్చరిక, దగ్గరి ఆసుపత్రి ఫోన్ నంబరు
- మూడో హోల్ దగ్గర, ఆరో హోల్ దగ్గర నీడలో మంచినీళ్ల కుండ
- పిడుగుల వాన వస్తే ఆట ఆపమని చెప్పే గంట, దాన్ని మోగించే మనిషి పేరు